అమ్మ చెప్పని మొక్కు

తిరుపతిలో మొక్కు దాచిపెట్టుకునేవాళ్లు లేరు. ఆటో ఎక్కితే పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషి కూడా, దేనికి గుండు చేయించుకుందో, ఎవరి కోసం మెట్లెక్కిందో దిగేలోపు చెప్పేస్తుంది. అలాంటి ఊళ్లో పుట్టి పెరిగిన మా అమ్మ, నా చేతులు బాగవ్వాలని తను మొక్కిన మొక్కు ఏమిటో మాత్రం నోరు విప్పి చెప్పలేదు. ఇంట్లో నాకు తెలియని సంగతి ఒకటి ఉందంటే నాకు అన్నం సహించదు. చిన్నప్పుడు గోడ గడియారం విప్పి చూసి నాయన చేత దెబ్బలు తిన్న రకం నేను. ఆ మొక్కేమిటో ఇంకొన్నాళ్లు కనుక్కోలేకపోయి ఉంటే అమ్మ చేతివేళ్లు మళ్లీ బాగుపడకుండా వంకరపోయేవి.

నేను జాకెట్లు కుడతాను. ఇంటి ముందు గదే నా షాపు. మా ఆయన రేణిగుంటలో గోడౌన్ పనికి పొద్దున్నే బస్సు పట్టుకుంటాడు కాబట్టి పగలంతా ఇల్లూ మిషనూ నావే. అమ్మానాయనా పక్క పోర్షన్‌లోనే ఉంటారు. మధ్యలో ఒక గోడ, అది కూడా పేరుకే. నేను తుమ్మితే అమ్మ అటునుంచి "చిరంజీవ" అంటుంది.

జబ్బు మొదలైన పొద్దున నేను కత్తెరను తిట్టుకున్నాను. రాత్రి దాకా బాగా ఎక్కిన కత్తెర పొద్దునకు వేళ్లకు ఎక్కలేదు. ఎవరో మార్చేశారేమోనని తిప్పి తిప్పి చూశాను. కత్తెర నాదే, వేళ్లే నావి కానట్టున్నాయి. ఎండ బాగా ఎక్కాక వేళ్లు కాస్త వదులయ్యాయి, కత్తెర దూరింది. సరే ఏదో పట్టేసిందిలే అనుకున్నాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అప్పుడు గమనించాను, కుడి చేతిలో ఏ కణుపులు ఉబ్బాయో ఎడమ చేతిలోనూ అవే ఉబ్బాయి. గుడ్డను మడత పెట్టి జాకెట్‌కు రెండు చేతుల ముక్కలూ ఒక్కసారే కత్తిరిస్తామే, అచ్చం అలా ఉంది. ఎంత నొప్పిలో ఉన్నా ఆ కొలత చూసి ముచ్చటేసింది. ఎవరు కత్తిరించారో గాని పనితనం ఉన్నవాళ్లే అనుకున్నాను.

మా వీధిలో అందరూ వైద్యులే. ఒకామె వాతం అంది, వంకాయ మానేయమంది. ఒకామె వావిలాకు నీళ్లు కాచి పోసుకోమంది. చిత్తూరు నుంచి వచ్చిన మా పిన్ని, కీళ్లనొప్పులకు అరవవాళ్లు వాడే ముడకత్తాన్ ఆకుతో దోసెలు పోసి పెట్టింది. దోసెలు బాగున్నాయి, నొప్పి కూడా బాగానే ఉంది. ఒకరోజు జాకెట్ కొలతకు వచ్చినామె నా చెయ్యి చూసి, "ఇట్లనే మా అత్తకు వచ్చింది, పట్టించుకోలా, ఇప్పుడు సంగటి ముద్ద కూడా ఒకరు పెట్టాల్సిందే" అని చెప్పి పోయింది. ఆ రోజు నేను మిషను ముందు కూర్చుని ఏడ్చాను. కత్తెర పట్టలేని చేతులతో నేనేం పనికొస్తానని భయమేసింది.

ఆ తర్వాత కీళ్లవాతం చూసే డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన నా చేతిని వేళ్ల మొదళ్ల దగ్గర పట్టుకుని అడ్డంగా నొక్కాడు, నేను కెవ్వుమన్నాను. రక్తపరీక్షలు చేయించి, ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నాడు. ఒంటిని కాపాడాల్సిన కణాలే కీళ్లను పరాయివనుకుని పైన పడుతున్నాయట.

"ఎందుకనుకున్నాయి సార్? ఇన్నేళ్లూ నావే అని తెలుసు కదా వాటికి?"

"అది ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదమ్మా."

"మరి పొద్దుటి పూటే ఎందుకు బిగుసుకుంటాయి?"

ఆయన చెప్పాడు. నేను ఇంకోటి అడిగాను. బయట టోకెన్లు పట్టుకుని సగం జిల్లా కూర్చుని ఉంది. చివరికి ఆయన పెన్ను పక్కన పెట్టి, "మీరు ఏమైనా పరీక్ష రాస్తున్నారా?" అని అడిగాడు. అప్పటి నుంచి నేను లోపలికి పోతే నర్సు తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకుంటూ ఉంటుంది.

మందుల్లో ఒకటి వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున కూడా రోజూ వేసుకోకూడదని ఆయన అంత గట్టిగా చెప్పడం చూస్తే నాకు దానిమీద గౌరవం పుట్టింది. ఏ రోజు అని అడిగితే మీ ఇష్టం అన్నాడు. శనివారం అమ్మకు ఒక్కపొద్దు, ఆ రోజు పక్క పోర్షన్‌లోంచి రుచులేవీ రావు. అందుకని ఆదివారం పెట్టుకున్నాను, కడుపునిండా తిని వేసుకోవచ్చని. మందు పట్టుకోవడానికి నెలలు పడుతుందని ఆయన ముందే చెప్పాడు. ఆ నెలలే గడవలేదు. కత్తెర పిడికి గుడ్డ పేలికలు చుట్టి లావు చేసుకున్నాను. హుక్కులు కుట్టే పని బయటికిచ్చేశాను. కటింగ్ అంతా మధ్యాహ్నానికి మార్చుకున్నాను. కుళాయి అరచేత్తో తిప్పడం, బిందె ముంజేతి మీద మోయడం, తలుపు భుజంతో నెట్టడం నేర్చుకున్నాను. ఒక వారమైతే కాఫీ గ్లాసు ఎత్తలేక స్ట్రా వేసుకుని తాగాను. అమ్మ ఎదురుగా కూర్చుని అది చూసింది. ఆ వారమే ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా అలిపిరి నుంచి నడిచి కొండెక్కి వచ్చింది.

"మొక్కుకోనొచ్చినా" అంది వచ్చాక. అంతే.

నేను వెండి చేతులే అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. కళ్లు బాగైతే వెండి కళ్లు, కాలు బాగైతే వెండి కాలు, పలచటి రేకు మీద అచ్చు కొట్టినవి, తెచ్చి హుండీలో వేస్తారు. కొన్ని నెలలకు మందు పట్టుకుంది. ఒక పొద్దున లేచీ లేవగానే జడ వేసుకోవడం మొదలుపెట్టాను, సగం వేసుకున్నాక గాని గుర్తు రాలేదు, ఇన్నాళ్లూ ఈ పని అమ్మ చేస్తోందని. ఆ సాయంత్రమే అమ్మను లాక్కుని వెండి కొట్టుకు పోయాను. షాపాయన రేకులు పరిచి, "చెయ్యి ఒకటా, జోడీనా అమ్మా?" అన్నాడు. మనిషి బొమ్మ కూడా ఉంది, ఎక్కడెక్కడ జబ్బో చెప్పుకోలేని వాళ్లకు. నేను జోడీ అనబోతుంటే అమ్మ నా కొంగు లాగింది.

"నేను ఎండి చేతులు మొక్కలే."

"మరి ఏం మొక్కినావు?"

"చెప్పకూడదు. పా ఇంటికి."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా చెప్పని అమ్మ నాది. నేను మాత్రం ఊరుకుంటానా? ఒక్కొక్కటే పరీక్షించడం మొదలుపెట్టాను. తలనీలాలా అంటే జడ అలాగే ఉంది. నిలువుదోపిడా అంటే చెవుల కమ్మలు చెవులకే ఉన్నాయి. అంగప్రదక్షిణమా అంటే, టికెట్ కోసం నన్నే కదా అడగాలి, ఫోనులో అలాంటివి చూసేది నేనే. పైగా ఆ కొండ మీది స్వామికి వడ్డికాసులవాడని పేరు. మొక్కు ఆలస్యం చేస్తే ముక్కుపిండి వసూలు చేస్తాడని మా అమ్మే నాకు చిన్నప్పుడు చెప్పింది. అట్లాంటిది ఆమె నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది. నాయనను అడిగితే, "నాకేం తెలుసు తల్లీ, మీ అమ్మకూ దేముడికీ మధ్యలో నేనెప్పుడు దూరినా?" అన్నాడు. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఇంకో మాట అన్నాడు. "మొక్కు సంగతేమో గానీ, ఈ మధ్య ఊరగాయ జాడీ మూత కూడా నన్నే తియ్యమంటా ఉండాది."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మర్నాటి నుంచి గోడకు ఇవతల ఉండి అమ్మను చూడటం పెట్టుకున్నాను. ఇంటి ముందు వాకిలంతా పరిచే ముగ్గు, నాలుగు గీతలకు వచ్చింది. "ఎవురు సూస్తారులే" అంది. ఉతికిన చీరలు పిండకుండా నీళ్లు కారుతుండగానే తీగ మీద వేస్తోంది. కుళాయి అరచేత్తో తిప్పింది. పాలగిన్నెను ముంజేతి మీద పెట్టుకుని లోపలికి పోయింది. పాము కాళ్లు పాముకే ఎరుక. అవన్నీ నా ఎత్తులే. ఒక్కటి కూడా వదలకుండా నన్ను చూసి నేర్చుకుంది.

నేరుగా అడిగితే ఒప్పుకోదని తెలుసు. గంగజాతర వచ్చింది. వీధంతా గాజుల బండ్లు. నేను డజను మట్టిగాజులు కొనుక్కొచ్చి, చెయ్యి ఇవ్వమన్నాను. అమ్మకు గాజులంటే ప్రాణం, జాతరకు కొత్త గాజులు తొడుక్కోకుండా ఏ ఏడూ లేదు. ఈసారి, "పాతవి ఉండాయి గదా, వొద్దులే" అంది. మొగుడు ఉండగా, జాతర పూట, గాజులు వద్దనే ఆడమనిషిని మా ఊళ్లో చూపించండి. నేను వదల్లేదు. చెయ్యి పట్టుకుని, గాజు దూరేందుకు ఎప్పుడూ పట్టుకున్నట్టే వేళ్ల మొదళ్లు దగ్గరికి నొక్కాను. డాక్టరు నొక్కే చోటూ గాజులవాడు నొక్కే చోటూ ఒక్కటేనని నాకు అప్పుడే తట్టింది. అమ్మ పెదవి కొరుక్కుంది. కళ్లనిండా నీళ్లు. చెయ్యి మెత్తగా, వెచ్చగా, ఉబ్బి ఉంది. రెండో చెయ్యీ అంతే.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"ఏం లేదు పాపా. వయసు."

"వయసైతే రెండు చేతులకూ ఒకే కొలతన వస్తుందా? నాకు చెప్పొద్దు. రేపు డాక్టరు దగ్గరికి పోతా ఉండాం."

"నేను రాను."

"ఎందుకు రావు?"

"రాకూడదు."

ఆ మాట విన్నాక నాకు మొక్కు గుర్తొచ్చింది. గాజులు మంచం మీద పడేసి ఆమె ఎదురుగా కింద కూర్చున్నాను. మొక్కేమిటో చెప్పందే లేవనన్నాను. నేలను చూస్తూ చెప్పింది.

"అడిగినా. కొండదోవలో మోకాళ్ల మెట్టు కాడ నిలబడి అడిగినా. దాని చేతుల్లో ఉండేది నాకియ్యి సామీ, అది కుట్టుకోని బతకాల్సిన పిల్ల, నాకింక ఏం పనుండాది అని. ఇచ్చినాడు. నీకు తగ్గతా వచ్చింది, నాకు మొదలైంది. మాట నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు నేను మాత్ర మింగితే ఇది నన్నిడిసి పోతాది. యాడికి పోతాది? వచ్చిన దోవనే పోతాది, నీకాడికి."

నాకు ఏడుపొచ్చింది. అంతకన్నా ముందు కోపమొచ్చింది. నా నొప్పిని నన్నడగకుండా బేరం పెట్టడానికి నువ్వెవరని అరిచాను. నాయన అటు గదిలోంచి తొంగి చూసి వెనక్కి పోయాడు. అమ్మ మాత్రం చలించలేదు. పైగా ఆమె మొహంలో ఒక గర్వం ఉంది. అది చూస్తే నాకు ఇంకా మండింది. ఆమె పొద్దుపొద్దున ఆ బిగుసుకున్న వేళ్లను చూసుకుని సంతోషపడుతూ వచ్చిందని అప్పుడు అర్థమైంది.

ఒక్కదాన్నే డాక్టరు దగ్గరికి పోయి, ఈసారి ఒక్క ప్రశ్నే అడిగాను. ఒకరికి తగ్గితే ఇంకొకరికి వస్తుందా అని. ఆయన నవ్వలేదు. అట్లా రాదనీ, ఒకే ఇంట్లో ఇద్దరికి రావడం మాత్రం ఉంటుందనీ చెప్పాడు. అరిగిన ఎముక మళ్లీ రాదనీ, మొదటి నెలల్లో మందు పడితే వేళ్లు నిలబడతాయనీ, ఆలస్యం చేయొద్దనీ అన్నాడు. "నేను చెప్తే మీ అమ్మగారు నమ్ముతారా?" అని అడిగాడు. నమ్మదు అన్నాను. స్వామి మాటకన్నా మీ మాట ఎక్కువా అంటుంది.

దారంతా ఆలోచించాను. మా అమ్మ తప్పు ఎక్కడుందని వెతికాను. ఆమె లెక్కలో కుట్టు తప్పలేదు. జబ్బు ఒక్కటే, అది ఇక్కడుంటే అక్కడ లేదు, అక్కడుంటే ఇక్కడ లేదు. విప్పి చూస్తే తప్ప దొరకదు. సరే, ఆ లెక్కనే పట్టుకుని చివరిదాకా కుట్టి చూద్దామనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అందరం మా ఇంట్లోనే తిన్నాం. తిన్నాక నా మాత్రల డబ్బా తెచ్చి అమ్మ ముందు పెట్టాను, మూత తీయలేదు.

"నా జబ్బు నీకొచ్చేసింది కదా?" అన్నాను.

"వచ్చేసింది."

"అంటే నా ఒంట్లో లేదు."

"లేదు."

"అయితే ఈ మాత్రలు నాకెందుకు? ఈ రోజు నుంచి మానేస్తా."

అమ్మ చెయ్యి చటుక్కున డబ్బా మీదికి వచ్చింది. నొప్పి కూడా మరిచిపోయింది.

"వొద్దు! మానొద్దు! ఏం మాటలవి?"

"ఎందుకు మానొద్దు? ఇచ్చినాడని నువ్వే చెప్తా ఉండావు కదా. నీకు నమ్మకం లేదా?"

ఆమె డబ్బా మీంచి చెయ్యి తీయలేదు. నాయన చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుని మమ్మల్ని మార్చి మార్చి చూస్తున్నాడు. గెలిచానని సంతోషం కలగలేదు నాకు. ఆమె మొహం చూస్తే, ఇన్నాళ్లూ కట్టుకున్న ఇల్లు నేను ఒక్క తాపుతో పడగొట్టినట్టుంది. అయినా ఆగలేదు. నువ్వు డాక్టరు దగ్గరికి వచ్చేదాకా ఇది నేను మింగను అన్నాను. మొండితనంలో నేను ఆమె కూతురినే. పొద్దు వాలిపోతోంది. మిషను మీద సగం కుట్టిన జాకెట్ అలాగే ఉంది. అమ్మ మూడుసార్లు లేచి పక్క పోర్షన్‌కు పోయి, మూడుసార్లు తిరిగొచ్చింది.

"మింగు ముందు" అంది చివరికి.

"వస్తావా?"

"వస్తా. మింగవే తల్లీ, నీ కాళ్లకు మొక్కుతా."

పోయాం. డాక్టరు చెయ్యి నొక్కితే నొప్పి లేదంది. ఆయన చాలామంది అమ్మల్ని చూసిన మనిషి, ఆ మాట రాసుకోలేదు. పరీక్షల్లో నాకొచ్చిందే వచ్చింది. ఎక్స్‌రేలో ఎడమ మణికట్టు ఎముక అంచున ఎలుక కొరికినట్టు ఒక చిన్న చోటు చూపించి, ఇది ఇంతే ఉంటుంది, ఇంకా పెరగకుండా చూసుకుందాం అన్నాడు. అమ్మ ఆ ఫిల్మును చేత్తో పట్టుకుని వెలుగులో చాలాసేపు చూసింది. ఏం చూస్తోందో నేను అడగలేదు. అడగకుండా ఉండటం నాకు అది మొదటిసారేమో.

మొదటి మాత్ర వేసుకునే ముందు కొండకు పోయి చెప్పి రావాలంది. ఈసారి బస్సులో తీసుకుపోయాను. దర్శనంలో అరక్షణం దొరికితే గొప్ప, ఆ తోపులాటలో ఆమె పెదవులు కదలడం చూశాను. బయటికొచ్చాక ఏం చెప్పినావని అడిగితే ఈసారి దాచలేదు. "ఇచ్చింది ఎనక్కిస్తా ఉండానని అనుకోవాకు సామీ, నా బిడ్డ మొండిది, మాత్ర మింగనని కూసున్నాది, నీకు కోపమొస్తే నామీదే సూపించు, దాని దరికి పోవాకు అని చెప్పినా." బేరం ఇంకా నడుస్తూనే ఉందన్నమాట. నేను తలకొట్టుకుని లడ్డూ క్యూలో నిలబడ్డాను.

ఆదివారాలు ఇద్దరం కలిసే వేసుకుంటాం. ఆ రాత్రి ఇద్దరికీ కడుపులో తిప్పుతుంది, గోడకు అటూ ఇటూ పడుకుని ఒకరినొకరం తిట్టుకుంటాం. మొదటి నెలల్లో ఆమెకు ఏ మార్పూ లేదు. నేను పొద్దున్నే పోయి, ఎంతసేపటికి వదులైంది, ఏ వేలు ముందు, ఏ వేలు వెనక అని అడిగేదాన్ని. "నువ్వూ నీ ప్రశ్నలూ" అని కసిరేది. కానీ నేను రాకముందే వేళ్లు ఆడించి చూసుకుని జవాబు సిద్ధంగా పెట్టుకునేది.

మొన్నొక పొద్దున నేను ఇంకా మిషను మీది గుడ్డ తీయకముందే వచ్చింది. గుమ్మంలో నిలబడి, "పిడికిలి పడతా ఉండాది పాపా" అంది. చూపించమన్నాను. నాలుగు వేళ్లూ మడిచి, వాటి మీద బొటనవేలు పెట్టింది. గట్టి పిడికిలి. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఆమె మొహంలో మాత్రం సంతోషం లేదు. లోపలికి వచ్చి నా ఎదురుగా కూర్చుని, తన చెయ్యి వదిలేసి నా చెయ్యి అందుకుంది. చూపుడువేలి మొదలు పట్టుకుని నొక్కింది. తర్వాతి వేలు. ఆ తర్వాతిది. ఉబ్బిందేమోనని బొటనవేలితో ఒక్కొక్క కణుపూ తడిమింది.

"నొస్తా ఉండాదా?"

"లేదుమా."

"నిజం చెప్పు."

"నిజంగానే లేదు."

రెండో చెయ్యి తీసుకుంది. మళ్లీ మొదటి వేలి నుంచి మొదలుపెట్టింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆపుకోలేకపోయాను. ఆమె అవి చూసింది. మొహం పాలిపోయింది. "యాడ? యాడ నొచ్చింది?" అంటూ మొదటి చెయ్యి మళ్లీ అందుకుని, చూపుడువేలి నుంచి నొక్కుకుంటూ వచ్చింది.